ముసవ్విర్‌జంగ్ ఎదుట కూర్చున్న నగరం

ఆదివారం పూట ఆబిడ్స్ వేరే ఊరు. దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. కాలేజీ రోజుల నుంచీ మాకు అదే లైబ్రరీ. ఒక చేత ఉర్దూ రిసాలా, ఇంకో చేత తెలుగు పుస్తకం పట్టుకుని బేరమాడుతూ చదువుకున్నవాళ్లం. కొన్నేళ్ల కింద అక్కడే పుస్తకాల కట్టల మధ్య ఒక పాత ఫొటో దొరికింది. దళసరి అట్టకు అంటించిన ఫొటో. షేర్వానీ, రూమీ టోపీ, కుర్చీ వీపు మీద ఒక చెయ్యి. వెనక బొమ్మలు వేసిన తెర. అట్ట తిప్పి చూశాం. పేరు లేదు, తారీఖు లేదు. "ఎవరో నవాబ్ సాబ్" అన్నాడు అమ్మేవాడు. నవాబు కాకపోవచ్చు, ఏ కచేరీలోనో గుమాస్తా కావచ్చు. జీతం వచ్చిన రోజు స్టూడియోకి పోయి ఉండవచ్చు. కొని తెచ్చి గోడకు తగిలించుకున్నాం.

ఇంటికి వచ్చిన మిత్రుడొకరు ఆ ఫొటో ముందు నిలబడి అడిగాడు: "మీవాళ్లు అసలు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఇరానా, అరబ్బు దేశమా?" ఆయన మంచివాడు. మతతత్వానికి వ్యతిరేకంగా మాతో కలిసి ఊరేగింపుల్లో నడిచినవాడు. ఫొటోలో ఉన్నది మా తాత కాదని, ఆయనెవరో మాకూ తెలియదని చెప్పాం. కానీ ప్రశ్న మాత్రం మాతోనే ఉండిపోయింది. ఆ మనిషి ఎవరు అని ఆయన అడగలేదు. ఎక్కణ్ణుంచి వచ్చాడు అని అడిగాడు. ముఖం కనబడగానే పేరు కాకుండా పుట్టుక అడిగే అలవాటు ఈ నగరంలో ఎలా వచ్చింది? అదీ కొందరి ముఖాలకే ఎందుకు?

హైదరాబాద్‌లో ముఖాల చరిత్ర రాయాలంటే రాజా దీన్‌దయాళ్ దగ్గర ఆగక తప్పదు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో, ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి ఇందోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో కొలువు చేశాడు. ఫొటోలు తీయడం మొదట్లో ఆయనకు తీరిక వేళల సరదా. తర్వాత అదే బతుకయింది. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను కొలువు ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచాడు. 1905లో కన్నుమూశాడు. ఆ కాలపు నిజాము, పాయగా నవాబులు, సంస్థానాధీశులు, రెసిడెన్సీ దొరలు ఈనాడు మన కళ్లకు కడుతున్నారంటే చాలావరకు ఆయన గాజు పలకల పుణ్యమే. అలాంటి పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి.

నిజాం ఆయనకిచ్చిన బిరుదు 'ముసవ్విర్ జంగ్'. తెలుగు పుస్తకాల్లో ఈ బిరుదు రాసి ఊరుకుంటారు, దాని లోపలికి పోరు. ముసవ్విర్ అంటే తస్వీర్ చేసేవాడు, చిత్రకారుడు. చదువు రాని మా బస్తీ అమ్మమ్మకు కూడా ఆ మాట తెలుసు. ఎందుకంటే అది అల్లాహ్ తొంభై తొమ్మిది పేర్లలో ఒకటి: అల్ ముసవ్విర్, రూపాలను దిద్దేవాడు. మనిషి బొమ్మ చేయవచ్చా కూడదా అన్న తగవు మా ఇళ్లలో ఈనాటికీ తెగలేదు. ఉత్తరాది నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఒక జైనుడికి, ఒక ముస్లిం రాజు ఆ మాటనే బిరుదుగా కట్టబెట్టాడు. మమ్మల్ని ఒకే పుస్తకంలోంచి, ఒకే గొంతుతో చదివేవాళ్లకు ఈ ఒక్క బిరుదు చాలు, ఆలోచించుకోవడానికి.

అలా వలస వచ్చిన ముసవ్విర్ కెమెరా ముందు కూర్చున్న నగరం ఎలాంటిది? దూరం పోనక్కర్లేదు. ఆ ఫొటో దొరికిన ఫుట్‌పాత్ నుంచి నాంపల్లి దాకా నడిస్తే సరిపోతుంది.

ఆబిడ్స్ అన్న పేరే ఒక వలసదారుడిది. ఆల్బర్ట్ ఆబిడ్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర దుస్తులు, సొంత సరంజామా చూసుకునే నౌకరు. అర్మీనియా మూలాలవాడంటారు. 1891లో గొడవై కలకత్తా కోర్టుకెక్కిన జాకబ్ వజ్రం బేరంలో మధ్యవర్తి ఆయనే. ఇక్కడ ఆయన పెట్టిన దుకాణం పేరు మీద 'ఆబిడ్ షాప్' అని జనం పిలిచారు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు కూడలిలో నెహ్రూ విగ్రహం ఉంది. ఆబిడ్ ముఖం ఎలా ఉండేదో ఆ దారిన పోయే వేలమందిలో ఎవరికీ పట్టదు. పక్కనే గన్‌ఫౌండ్రీ. అక్కడ ఫిరంగులు పోయించినవాడు రేమండ్ అనే ఫ్రెంచివాడు. 1798లో చనిపోయాడు. జనం నోట్లో ఆయన ముసల్మాన్లకు మూసా రహీమ్, హిందువులకు మూసా రామ్ అయ్యాడు. మూసారాంబాగ్ ఆ పేరే. ఆయన్ను పరాయివాడని ఎవరూ తరమలేదు, రెండు మతాలవాళ్లూ చెరో పేరూ పెట్టుకున్నారు.

తిలక్ రోడ్డులో 1904 నాటి పార్సీల అగ్ని మందిరం. చెనాయ్ కుటుంబం కట్టించింది. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పోసిన చాయ్ తాగనిదే ఈ నగరానికి ఇప్పటికీ తెల్లవారదు. ఇటు తిరిగితే చిరాగ్ అలీ గల్లీ. మౌల్వీ చిరాగ్ అలీది కాశ్మీరీ కుటుంబం. తండ్రి మీరట్‌లో ఉద్యోగం చేశాడు. దీన్‌దయాళ్ పుట్టిన 1844లోనే ఈయనా పుట్టాడంటారు. సర్ సయ్యద్ మాట సాయంతో 1870ల్లో సాలార్ జంగ్ కొలువులో చేరాడు. మత చట్టాలను కాలానికి తగ్గట్టు తిరగరాసుకోవచ్చని, ముస్లిం స్త్రీల హక్కుల గురించి, బహుభార్యత్వం గురించి ఆనాడే ఇంగ్లీషులో వాదించిన మనిషి. ఇప్పుడు ఆ గల్లీలో సరుకులు కొనుక్కుపోయేవాళ్లకు చిరాగ్ అలీ అంటే ఒక అడ్రసు, అంతే.

ముందుకు పోతే నాంపల్లి. యూసుఫైన్ దర్గా. యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా ఇద్దరూ ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా గోల్కొండ ముట్టడికి వచ్చినవాళ్లంటారు. తుఫాను రాత్రి అన్ని గుడారాల్లో దీపాలు ఆరిపోయి, వీళ్లు ఖురాన్ చదువుకుంటున్న గుడారంలో మాత్రం దీపం నిలిచిందన్న కథ మా చిన్నప్పుడు విన్నాం. గురువారం సాయంత్రం ఆ దర్గాకు పోయి చూడండి. మొక్కుకునేవాళ్లలో బొట్టున్న నుదుళ్లెన్నో, లేనివెన్నో లెక్కపెట్టడం మీ వల్ల కాదు. ఆ ఆవరణలోనే దాగ్ దెహల్వీ సమాధి ఉంది. ఢిల్లీ పాడుబడ్డాక రాంపూర్ చేరి, అక్కడి కొలువూ పోయాక హైదరాబాద్ వచ్చి నిజాంకు కవిత్వంలో ఉస్తాద్ అయిన దాగ్. దీన్‌దయాళ్ పోయిన 1905లోనే ఈయనా పోయాడు. అంతకు ఐదేళ్ల ముందు, 1900లో, అమీర్ మీనాయీ ఈ నగరానికి వచ్చీరాగానే చనిపోయి ఇక్కడే మట్టిలో కలిశాడు. దర్గా నుంచి నాలుగడుగులు వేస్తే 1907 నాటి నాంపల్లి స్టేషన్. ఈనాటికీ బీహార్ నుంచి, ఒడిశా నుంచి, పాలమూరు నుంచి సంచులతో ఈ నగరంలో దిగే మనుషులకు ఆగని దారి.

అంతెందుకు, రాజే వలసదారుల వంశం. ఆసఫ్‌జాహీల మూలపురుషుడు ఆబిద్ ఖాన్ సమర్‌ఖండ్ వైపు నుంచి వచ్చి 1687 గోల్కొండ ముట్టడిలో చనిపోయాడు. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్‌ది ఉత్తరాది ఖత్రీ వంశం. కచేరీల్లో కాయస్థులు, బేగంబజారులో మార్వాడీలు, పహరాలో అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు, హబ్షీలు. ఏ.సీ. గార్డ్స్ అని మనం పొడి అక్షరాల్లో పిలిచే బస్తీ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌ది.

ఇది చదివి "ఆహా, గంగా జమునా తహజీబ్" అనుకుని పుస్తకం మూసేయకండి. మేం చెప్పదలుచుకున్నది అది కాదు. దీన్‌దయాళ్ కాలంలో కూడా ఈ నగరం ఒక గుంపు ఫొటోలాగే ఉండేది. ముందు వరసలో కుర్చీలు, వాటి మీద పేర్లున్నవాళ్లు. వెనక నిలబడ్డవాళ్లు, అంచున బల్లెం పట్టుకున్నవాళ్లు, గుర్రం కళ్లెం పట్టుకున్నవాళ్లు. కుర్చీలో ఉన్నవాడి బిరుదులు ఆల్బంలో రెండు లైన్లు ఉంటాయి. కళ్లెం పట్టుకున్నవాడికి 'సైసు' అన్న మాట కూడా దక్కదు. వలస వచ్చినవాళ్లలో కూడా ఒకరికి గల్లీ పేరయింది, ఇంకొకరికి వేషమే పేరయింది.

ఇంకో రకం బొమ్మలు కూడా ఆ రోజుల్లోనే తయారయ్యాయి. 1868, 1875 మధ్య ఇంగ్లీషు ప్రభుత్వం ఎనిమిది సంపుటాల్లో 'పీపుల్ ఆఫ్ ఇండియా' అచ్చేసింది. 468 ఫొటోలు. 1857 తిరుగుబాటు తర్వాత తాము ఏలుతున్న జనాన్ని గుర్తుపట్టి పెట్టుకోవాలన్న తొందర దాని వెనక ఉంది. అందులో మనిషికి మనిషిగా పని లేదు. కులానికి, తెగకు నమూనాగా నిలబడాలి. కింద వాళ్ల స్వభావం రాస్తారు: వీళ్లు నమ్మదగినవాళ్లు, వీళ్లు కాదు అని. నిజాం రాజ్యంలో కూడా 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ ఇక్కడి కులాలు, తెగల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. రాసింది ముస్లిమే అయినా చూపు మాత్రం దొరల దగ్గర నేర్చుకున్నదే.

స్టూడియోలో దిగే ఫొటోకూ దీనికీ తేడా ఒక్కటే. స్టూడియోకు మనిషి తనంతట తాను పోతాడు. ఏ షేర్వానీ వేసుకోవాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో తాను అనుకుంటాడు. తనను లోకం ఎలా చూడాలో తాను చెబుతాడు. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పర్దా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టించి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. మా ఆడవాళ్లంటే బురఖా చాటు నీడలని రాసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. నూరేళ్లకు ముందే ఈ నగరంలో పర్దానషీన్ స్త్రీ, తన ముఖాన్ని ఎవరు తీయాలో, ఎవరు చూడాలో షరతు పెట్టి, కెమెరా ముందు కూర్చుంది. అయితే ఆ షరతు పెట్టగలిగింది దేవిడీల్లో ఉన్న ఆడవాళ్లే. దూది ఏకే ఇంటి ఆడదానికి, నీళ్లు మోసే భిస్తీ భార్యకు జనానా స్టూడియో గుమ్మం తెలియదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. 'ఎక్కణ్ణుంచి వచ్చారు' అన్న ప్రశ్నను ముందు మురిపెంగా నెత్తిన పెట్టుకున్నది మా పెద్దలే. మా ముత్తాత బుఖారా వాడు, మా వంశం మక్కాది, మాది ఇరానీ నెత్తురు అని షజ్రాలు రాయించుకున్నారు. అలా చెప్పుకుంటే అష్రాఫ్, చెప్పుకోలేకపోతే అజ్లాఫ్. తెలుగు నేల మీద దూదేకులవాళ్లు ఉన్నారు, లద్దాఫులు ఉన్నారు, మెహతర్లు ఉన్నారు, కసాయివాళ్లు ఉన్నారు. వీళ్లలో ఎక్కువమంది ఎక్కణ్ణుంచీ రాలేదు. ఈ మట్టిలోనే పుట్టి, ఇక్కడి కులాల అణచివేత భరించలేకనో, సూఫీల మాట నచ్చో కలిమా చదివినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. షజ్రా లేని ఈ ముస్లింను మా అష్రాఫ్ తన ఫొటోలో చేర్చుకోలేదు. బయటివాళ్లేమో ఆ అష్రాఫ్ ఫొటోనే చూపించి వీళ్లను కూడా 'వచ్చినవాళ్లు' అన్నారు.

ముల్కీ, గైర్ ముల్కీ తగవు కూడా ఆనాటిదే. సాలార్ జంగ్ అలీగఢ్ చదువులవాళ్లను తెచ్చి పెద్ద ఉద్యోగాల్లో పెట్టాడు. 1880ల్లో కచేరీ భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. ఇక్కడి ముస్లిం, ఇక్కడి కాయస్థుడు కలిసి ఉత్తరాది ముస్లిం మీద మండిపడ్డారు. అంటే అప్పటికి పరాయి అన్న మాటకు మతం లేదు. కొలువు ఎవరి నోటి దగ్గరిది ఎవరు లాక్కున్నారన్నదే లెక్క. పదిహేనేళ్లు ఇక్కడ కాపురముంటే ముల్కీ అనిపించుకోవచ్చన్నది తర్వాత వచ్చిన నిబంధన. 1952లో నాన్ ముల్కీ గోబ్యాక్ అని ఈ వీధుల్లో పిల్లలు కేకలేసినప్పుడు కూడా గొడవ ఉద్యోగాలదే.

1948 ఆ మాటకు మతం అంటించింది. పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని దాని అంచనా. ఆ నివేదిక జనం చేతికి రావడానికి 2013 దాకా పట్టింది. ఇంకో సంగతి అంతకంటే తక్కువమందికి తెలుసు. ఆ రోజుల్లో అరబ్బులనీ, అఫ్ఘన్లనీ వేలమందిని పట్టుకుని నిర్బంధించారు, కొందర్ని ఓడలెక్కించి పంపేశారు. వాళ్లలో ఎంతోమంది ఇక్కడే పుట్టినవాళ్లు. తల్లి ఇక్కడిది, భాష ఇక్కడిది. తాత హద్రమౌత్ నుంచి సిపాయిగా వచ్చాడు, అంతే. ఎవరు బయటివాడో, ఎవరు లోపలివాడో తేల్చడానికి అధికారులే తంటాలు పడ్డారు. నిన్నటిదాకా రాజు ఫొటోలో అంచున బల్లెం పట్టుకుని నిలబడ్డవాడు ఒక్క రాత్రిలో విదేశీయుడయ్యాడు. కుర్చీలో కూర్చున్నవాడు 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు.

ఆ తర్వాత మా ముఖాలు స్టూడియో గోడల మీంచి దిగి కాగితాల మీదికెక్కాయి. 1948లో పర్మిట్లు వచ్చాయి, 1952లో ఇండియా పాకిస్తాన్ మధ్య పాస్‌పోర్టులు వచ్చాయి. కరాచీలో చెల్లెలు, నాంపల్లిలో అన్న. మధ్యన ఒక చిన్న ఫొటో, దాని మీద సగం పడ్డ ముద్ర. మా దాదీ జీవితంలో దిగిన ఫొటో ఒక్కటే. హజ్ దరఖాస్తు కోసం నాంపల్లి గల్లీలో ఒక చిన్న స్టూడియోలో దిగింది. తస్వీర్ గునాహ్ అని పెళ్లిళ్లలో కూడా ముఖం తిప్పుకున్న మనిషి, సర్కారు అడిగిందని స్టూలు మీద కూర్చుంది. "నవ్వొద్దమ్మా, కదలొద్దు" అన్నాడట ఫొటో తీసేవాడు. ఆమె పోయాక అదే పెద్దది చేయించి పెట్టుకున్నాం. చెవులు కనబడాలని కొంగు వెనక్కి జరిపించిన ఫొటో. మా పిల్లలకు దాదీ అంటే అదే. ఇంట్లో కథలు చెబుతూ పడీపడీ నవ్వే దాదీ వాళ్లకు తెలియదు. ఆఫీసుకు కావలసిన ముఖం మిగిలింది, మాకు కావలసిన ముఖం పోయింది.

ఇది గతించిన ముచ్చట కాదు. 2019 ఆగస్టులో అస్సాంలో జాబితా వేసి 19 లక్షల పైచిలుకు మందిని బయట నిలబెట్టారు. ఆ డిసెంబరులోనే పౌరసత్వ చట్టం మారింది. 2020 ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ కార్యాలయం నుంచి నోటీసులు వెళ్లాయి, కాగితాలు తెచ్చి పౌరసత్వం నిరూపించుకోమని. గొడవయ్యాక, ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, వాళ్లు తప్పుడు కాగితాలతో కార్డు తీసుకున్నారని పోలీసులు చెబితే విచారించామని ఆ సంస్థ చెప్పుకుంది. వివరణ పత్రికల్లో ఒక మూలన వచ్చింది. నోటీసు అందుకున్న ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. ట్రంకు పెట్టె దించి ఉంటారు. తాత రేషన్ కార్డు, నాన్న స్కూలు సర్టిఫికెట్, అమ్మ ఓటరు కార్డు నేల మీద పరిచి ఉంటారు. 2012 తర్వాత బర్మా నుంచి పారిపోయి వచ్చి బాలాపూర్‌లో గుడిసెలు వేసుకున్న రోహింగ్యాలకైతే పెట్టె కూడా లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు మీది ఫొటోయే వాళ్ల ఆస్తి. వందేళ్ల కింద వచ్చినవాడికి గల్లీ పేరు పెట్టిన నగరం వీళ్లకు గల్లీలో చోటు ఇవ్వడానికి కూడా గింజుకుంటోంది.

తెలుగు మిత్రులకు ఇంకొక మాట. మా బొమ్మ గీసింది సర్కారు ఒక్కటే కాదు. గళ్ల లుంగీ, కళ్లకు సుర్మా, వంకర తెలుగు, చేతిలో కత్తి: ఇది మీ సినిమాలు గీసిన బొమ్మ. అత్తరు, బిర్యానీ, ఖవ్వాలీ, కన్నీళ్లతో దేశభక్తి చాటుకునే మంచి సాయిబు: ఇది మీలో మంచివాళ్లు గీసిన బొమ్మ. రెండింటి కిందా పేరు లేదు. 1868 నాటి సంపుటాల్లో లాగే నమూనా, కింద స్వభావం. మమ్మల్ని అందంగా గీయమని మేం అడగడం లేదు. కూర్చునేది మేమైనప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలో మమ్మల్ని చెప్పనివ్వమంటున్నాం. కింద పేరు మేం రాస్తామంటున్నాం.

మా మిత్రుడి ప్రశ్నకు జవాబు ఇదే. కొందరం వచ్చాం, దాగ్ వచ్చినట్టు, దీన్‌దయాళ్ వచ్చినట్టు, మీ ఇంటి వెనక మార్వాడీ వచ్చినట్టు. చాలామందిమి ఎక్కణ్ణుంచీ రాలేదు, మీ పక్క ఇంట్లోంచే లేచి నమాజుకు పోయాం. వచ్చినవాళ్లకైనా రానివాళ్లకైనా పక్కన కూర్చునే హక్కు ఒకటే.

మొన్న రంజాన్‌లో మా ఇంటి పాత ఫొటోలన్నీ కిందికి దించాం. బతికున్న పెద్దవాళ్లందర్నీ పిలిచి కూర్చోబెట్టాం. ఒక్కో ఫొటో వెనక పెన్సిల్‌తో పేరు రాశాం, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. పుట్టిన ఊరు, చేసిన పని కూడా. దాదీ ఫొటో వెనక ఆమె పేరు కింద "బాగా నవ్వేది" అని రాసింది మా ఫూఫీ. మీ ఇళ్లలో కూడా ఈ పని చేయండి. పెద్దవాళ్లు ఉండగానే చేయండి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఆయన ఫొటో వెనక మాత్రం మేమేమీ రాయలేదు. నవాబు అని రాయడానికి చేతులు రాలేదు. ఆ అట్ట ఖాళీగానే ఉంది.